కుడివైపు జేబు

నేను జీవితంలో ఒక్కసారి కూడా స్కేట్ బోర్డు ఎక్కలేదు. అయినా స్కేట్ బోర్డుల మీద ఒక పత్రిక నడిపాను. దాని పేరు ‘నాలుగు చక్రాలు’. గుంటూరులో రెండు గదుల ఆఫీసు, ఒక కెమెరా, అద్దెకు తెచ్చిన కంప్యూటరు, దాని ముందు కూర్చునే ఒక ఆపరేటరు. ఏడు సంచికలు వచ్చాయి. పేరు చూసి కార్ల పత్రిక అనుకున్నవాళ్ళే ఎక్కువ. ట్రాక్టరుకు లోను ఎక్కడిస్తారో చెప్పమంటూ కట్టలుగా ఉత్తరాలు వచ్చేవి. మొదట్లో ఓపిగ్గా జవాబులు రాశాను. తరువాత కవర్లు చింపడం కూడా మానేశాను.

ఇదంతా పదిహేడేళ్ళ కిందటి మాట. ఇప్పుడు కర్నూలులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. శుభలేఖలో పెళ్ళికూతురి తండ్రి పేరు తప్పు పడకుండా చూడటం నా పని. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. మెట్లు కనిపిస్తే ముందు మోకాళ్ళను అడిగి ఎక్కుతున్నాను. మొన్న అద్దె ఇల్లు మారుతూ అటక మీది సామాను దించితే పత్రికల కట్ట, దాంతోపాటు ఒక కవరు నిండా పాత నెగటివులు బయటపడ్డాయి. మా ఆవిడ పాత పేపర్ల అతనికి కబురు పంపబోయింది. ఒక్క వారం ఆగమన్నాను. ఎవరి బొమ్మలు వేశామో వాళ్ళ చేతుల్లో ఈ కాపీలు పెట్టేసి వస్తానన్నాను.

వాళ్ళు వందల మందేమీ కాదు. తెనాలిలో బోర్డులు తయారుచేసిన వడ్రంగి వీరాచారి, ఆడినవాళ్ళలో బాపట్ల రవి, రేపల్లె ముంతాజ్. ఏడు సంచికల్లోనూ తిప్పి తిప్పి ఈ ముగ్గురినే వేశాం. వేరే ఎవరూ లేరు మరి. సంచీ భుజాన వేసుకుని బయలుదేరానే గానీ ఉత్సాహం ఏ కోశానా లేదు. బరువు దించుకుంటే చాలనిపించింది.

తెనాలి: బస్తాల కింద పలకలు

తెనాలి స్టేషను మెట్లు దిగుతుంటే ఎడమ చెప్పు ఉంగటం తెగింది. కాలు ఈడ్చుకుంటూ బయటికి వస్తే నలుగురు ఆటోవాళ్ళు చుట్టుముట్టి నాలుగు ఆసుపత్రుల పేర్లు చెప్పారు. చెప్పులు కుట్టే ఆయన ఇరవై రూపాయలు తీసుకుని, రెండో చెప్పు కూడా చూసి, “ఇదీ నాలుగు రోజులేనండి బాబాయ్ గారూ” అని హెచ్చరించి పంపాడు.

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినే కర్నూలు నోటికి ఇక్కడి ఇడ్లీ మరీ మెత్తగా అనిపించింది. దాని మీద కారప్పొడి, ఆ పొడి మీద వేడి నెయ్యి పోశాక ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ప్లేటు నలభై. మా వైపు ప్లేటు మన ముందు పెట్టి వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. ఇక్కడ వడ్డించేవాళ్ళు మొహమాటపెడతారు. “ఇంకో రెండు వెయ్యమంటారాండీ” అని ఆ మనిషి అడిగిన తీరుకు వద్దనలేక తిని, తరువాత మధ్యాహ్నం దాకా ఆయాసపడ్డాను.

వీరాచారి గారి కొట్టు ఆ ఇడ్లీ హోటలు సందులోనే ఉంది. ఆయనకిప్పుడు డెబ్బై దాకా ఉంటాయి. వంటింటి అరలు, టీవీ పెట్టుకునే బీరువాలు చేస్తున్నారు. నన్ను చూసి ఉలి పక్కన పెట్టారు.

“మీరు బతికే ఉన్నారన్నమాట. రండి సార్, రండి” అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే సంతోషించారు.

ఆ రోజుల్లో బయటి నుంచి బోర్డు తెప్పించుకునే స్తోమత ఇక్కడ ఎవరికీ లేదు. ఆచారి గారే దానికో దారి కనిపెట్టారు. సన్నటి చెక్క పలకలు ఏడింటికి జిగురు రాసి ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు కొసల కింద చెక్కముక్కలు ఎత్తుపెట్టి, నందివెలుగు రోడ్డులోని రైసు మిల్లు గోడౌనులో బియ్యం బస్తాల కింద మూడు రోజులు ఉంచేవారు. ఆ బరువుకు కొసలు పైకి వంగి అలాగే గట్టిపడేవి. పాత రోలర్ స్కేట్ల చక్రాలు బిగిస్తే బోర్డు తయారు. బస్తాలు అనుకున్న రోజుకన్నా ముందే లారీ ఎక్కేస్తే పలక వంగకుండా తిన్నగా ఉండిపోయేది. అలాంటివి రెండు ఆచారి గారింట్లో కూర్చునే పీటలయ్యాయి. ఒకదాని మీద ఆ రోజు నన్నే కూర్చోబెట్టారు.

ఆట కూడా ఆ మిల్లులోనే. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం అద్దంలా నున్నగా ఉండేది. మిల్లు యజమాని ఊరికే ఇవ్వలేదు. ముందు గంటసేపు కాళ్ళతో గీతలు గీస్తూ వడ్లు తిరగెయ్యాలి, తరువాత గంట ఆడుకోవాలి. ఆడబోయే ముందు రెండుసార్లు ఊడవాలి, ఎందుకంటే చక్రం కింద ఒక్క వడ్లగింజ పడినా మనిషి బోర్లా పడతాడు. బాపట్ల నుంచి రవి, రేపల్లె నుంచి ముంతాజ్ ఆదివారాలు రైలెక్కి ఇక్కడికే వచ్చేవాళ్ళు.

పత్రికలు తీసి ఇచ్చాను. ఆచారి గారు ఒక్కొక్కటే తిప్పుతూ ఐదో సంచిక దగ్గర ఆగారు. దాని ముఖచిత్రం నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకున్న మనిషి బోర్డుతో సహా గాల్లో ఉంటాడు. తలకు మోటారు సైకిలు హెల్మెట్. తల వంచుకోవడంతో మొహం కనిపించదు. వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. కింద పెద్ద అక్షరాలతో ‘బాపట్ల రవి ఎగిరిన వేళ’ అని ఉంటుంది.

“ఇది ముంతాజ్ కదండీ” అన్నారు ఆచారి గారు.

“రవి అని రాసి ఉంది కదండీ.”

“రాసింది మీరే కదండీ.”

ఆయన వేలు పెట్టి చూపించారు. “బోర్డు వెనక కొసన ఇత్తడి రేకు కనబడుతుందా? అది చీలిపోతే ఆ పిల్ల ఏడుస్తా వచ్చింది. నేనే రేకు కొట్టిచ్చాను. తెనాలి మొత్తం మీద రేకు కొట్టిన బోర్డు అదొక్కటే.”

“రవి ఆ బోర్డు అడిగి తీసుకున్నాడేమో.”

“ఇస్తుందాండీ ఆ పిల్ల? నన్నే ముట్టుకోనిచ్చేది కాదు” అని, పుస్తకం మూసి అన్నారు. “ఈ పుస్తకం వచ్చిన తరవాతే ఆడటం మానేసింది. వాళ్ళ నాన్న మానిపించాడన్నారు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.”

ఆమె మానేసిందని నాకు తెలుసు. కారణం కూడా తెలుసనే అనుకున్నాను. ముస్లిముల ఇల్లు, పదిహేడేళ్ళ ఆడపిల్ల, ఇంకేముంటుంది అనుకుని, ఆరో సంచికలో ‘ఆడపిల్ల ఎగిరితే ఓర్వలేని ఇళ్ళు’ అని అరపేజీ దంచి రాశాను. పేరు పెట్టకుండా రాశానని నా పెద్దమనిషితనానికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు ఆ పీట మీద కూర్చుంటే, ఆమె ఆట ఆగిపోయింది నా ముఖచిత్రం వల్లేనేమో అన్న అనుమానం మొదలైంది. అది తేలకుండా కర్నూలు వెళ్ళినా నాకు అన్నం సయించదు.

వెళ్తూ వెళ్తూ మిల్లు చూద్దామని నందివెలుగు రోడ్డు దాకా ఆటోలో వెళ్ళాను. మిల్లు లేదు. ఫంక్షన్ హాలు ఉంది. కళ్ళం మీద కార్లు నిలబెట్టి ఉన్నాయి. ఆచారి గారి భార్య కట్టిచ్చిన బెల్లం జిలేబీ పొట్లం అక్కడే గోడవారన నిలబడి తిన్నాను. పాకం కారి రెండో సంచిక అట్ట అంటుకుపోయింది.

బాపట్ల: షాపు గోడ మీద

రవికి సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద టైర్ల షాపు ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద వినాయకుడి పటం, దాని పక్కనే అంతే పెద్ద ఫ్రేములో నా ఐదో సంచిక ముఖచిత్రం. రెండింటికీ ఒకే వరస చిన్న లైట్లు చుట్టి ఉన్నాయి. రవి ఒళ్ళు చేశాడు. నన్ను గుర్తుపట్టి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే అడ్డుకున్నాను. షాపులో ఉన్నవాళ్ళందరికీ “మా ఎడిటర్ గారు. నా ఫోటో వేసింది ఈయనే” అని చెప్పాడు. ఒకాయన టైరు బిగించే పని ఆపించి మరీ నాకు కరచాలనం చేశాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

సాయంత్రం సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. వంజరం ముక్కలు కారం పట్టించి పెనం మీద వేయించి ఇస్తున్నారు. ప్లేటు నూట యాభై. చేప ఇంత రుచిగా ఉంటుందని కర్నూలులో ఎవరికి చెప్పినా నమ్మరు. మా దగ్గరికి ఐసు పెట్టెలో వచ్చేసరికి దానికి ప్రాణంతో పాటు రుచీ పోతుంది. ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీ నా బరువుకు పక్కకు ఒరుగుతుంటే సర్దుకుంటూ అడిగాను.

“రవీ, ఆ ఫోటో తీసిన రోజు నువ్వు కళ్ళంలో ఉన్నావా?”

అతను ముల్లు తీసి ప్లేటు అంచున పెట్టాడు.

“లేను సార్. ఆ ఆదివారం మా అన్నయ్యకి పెళ్ళిచూపులు. చీరాలలో ఉన్నాను.”

“మరి ఇన్నేళ్ళూ ఆ ఫ్రేము?”

“కాలు చూసుకున్నాను సార్.”

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. బోర్డు మీద నిలబడేవాళ్ళలో కొందరు ఎడమకాలు ముందు పెడతారు, కొందరు కుడికాలు. ఏ చేత్తో అన్నం తింటామో అంత స్థిరంగా ఉంటుంది ఆ అలవాటు, మార్చుకోవడం బ్రహ్మప్రళయం. రవిది ఎడమకాలు. ముంతాజ్‌ది కుడి. ముఖచిత్రంలో ముందున్నది ఎడమకాలు. నెల రోజుల ఆదివారాల ఫోటోలన్నీ ఒకేసారి కడిగించేవాళ్ళం. వాటిలో ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి బోర్డెక్కని ఎడిటరుగా నాకు తెలిసిన గుర్తు కూడా అదొక్కటే.

“కాలు నాదే, పేరు నాదే, రాసింది మీరు. ఎప్పుడో నేనే ఎగిరుంటాను, మర్చిపోయానేమో అనుకున్నాను సార్. తరవాత తరవాత ఎగిరినట్టే గుర్తుండిపోయింది” అన్నాడు రవి. ప్లేటు ఇసుకలో పెట్టి మళ్ళీ తనే అన్నాడు. “ముంతాజ్ ఫోన్ చేసింది సార్ అప్పట్లో. అది నేనేనని మా అబ్బాకి ఒక్క మాట చెప్పు రవీ, నన్ను అబద్ధాలకోరు అంటున్నాడు అంది. వచ్చి చెబుతానన్నాను.”

“వెళ్ళలేదా?”

“అప్పటికే మా వీధి మొగలో నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టేశారు సార్. ఏమని విప్పమంటాను?”

నాకు కోపం రావలసిన మాటే. రాలేదు. కోపం తెచ్చుకునే అర్హత ఆ ఇసుకలో కూర్చున్న ఇద్దరిలో ఎవరికీ లేదు. పొద్దు వాలుతుంటే అలలు చూస్తూ కూర్చున్నాం. లేచేటప్పుడు, “ఫ్రేము తీసెయ్యమంటారా” అని అడిగాడు. నేను చెప్పుల్లో ఇసుక దులుపుకున్నాను.

లాడ్జి కిటికీ

ఎనిమిది వందల గది. ఫ్యాను మూడు చుట్లకొకసారి మూలిగింది. పొద్దున్నే టీ తెప్పించుకుని, నెగటివుల కవరు కిటికీ దగ్గర విప్పాను. నెగటివు అంచున చిన్న అంకెలుంటాయి. ఆ అంకెలు సరిగ్గా చదవగలిగేలా పట్టుకుంటే బొమ్మ కూడా సరైన వైపే ఉన్నట్టు. అలా పట్టుకుని వెలుతురులోకి ఎత్తాను.

అదే మనిషి, అదే ఎగురు. కానీ ముందున్నది కుడికాలు.

ఒక చేత్తో ముఖచిత్రం, ఒక చేత్తో నెగటివు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. టీ మీద మీగడ కట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. పత్రిక పేరు ఎడమవైపు పెట్టాలి, అక్కడ బోర్డు అడ్డొస్తోంది. బొమ్మ తిప్పితే సరిపోతుంది సార్, కానీ కుడి ఎడమలు మారతాయి అన్నాడు ఆపరేటరు. నేనన్న మాట కూడా గుర్తుంది. “ఎవరు చూస్తారులే, తిప్పెయ్.” వారం తరువాత, తిప్పిన బొమ్మ ముందు పెట్టుకుని, ఎడమకాలు చూసి, రవి అని పేరు రాశాను. తిప్పించిన సంగతే నాకప్పుడు గుర్తు లేదు.

సిగ్గేసింది. ఇంతకన్నా వేరే మాట వెతకను.

చెరుకుపల్లి మీదుగా

బాపట్ల నుంచి రేపల్లె బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఒడిలో మూత కట్టిన గిన్నె. అందులో చెల్లెలికి పీతల కూర తీసుకెళ్తోంది. రోడ్డు పక్క చేలల్లో మినుము కోతకొచ్చింది.

“ఎందాకా అన్నయ్యగారూ?”

“రేపల్లెమ్మా. ఒక తప్పు పడింది, దిద్దాలి.”

“ఆధార్‌లోనాండీ?” అంది జాలిగా. “నా పేరు మంగమ్మండి. అందులో మగమ్మ అని కొట్టారు. ఆరేళ్ళనుంచి తిరుగుతున్నాను. నేనేనండీ మంగమ్మనంటే, కాగితంలో అలా లేదు కదమ్మా అంటారు. ఎదురుగా మనిషి నిలబడున్నా కాగితం వంకే చూస్తారండి.”

నేను సంచీ ఒళ్ళోకి లాక్కుని కిటికీ వైపు తిరిగాను. ఆవిడ తప్పేం లేదు. దిగేటప్పుడు మండలాఫీసులో ఎవరిని కలవాలో కూడా చెప్పి దిగింది.

రేపల్లె: చెప్పిన రోజుకే

“ఖాదర్ భాయ్ షాపాండీ?” అన్నాడు టీ కొట్టాయన చక్కెర కలుపుతూ, ముంతాజ్ వాళ్ళ నాన్న గురించి అడిగితే. “దర్జీ చెప్పిన రోజుకి బట్టలిస్తే వింతే కదండీ. ఆ వింత మా ఊళ్ళో ఉంది. నేరుగా వెళ్ళి ఎడంపక్క.” టీ పన్నెండు రూపాయలు. కర్నూలులో కూడా అంతే. కాకపోతే అక్కడ అల్లం ఎక్కువ.

షాపు ముందు రేకు బోర్డు మీద పేరు వెలిసిపోయింది గానీ, కింద ‘చెప్పిన రోజుకే ఇవ్వబడును’ అన్న అక్షరాలకు కొత్త రంగు వేసి ఉంది. లోపల రెండు కుట్టుమిషన్లు. ఒకదాని ముందు తెల్లగడ్డం పెద్దాయన, రెండోదాని ముందు చీరకు ఫాల్ వేస్తున్న ముంతాజ్. జుట్టులో అక్కడక్కడ తెలుపు. ఇద్దరి మధ్య బల్ల మీద చొక్కా చేతులు ఇస్త్రీ చేసుకునే సన్నటి పలక. దానికి దళసరి గుడ్డ చుట్టి గట్టిగా కుట్టారు. గోడకు మనిషంత అద్దం, బట్టలు వేసి చూసుకునేవాళ్ళ కోసం.

నన్ను చూడగానే ముంతాజ్ మిషను ఆగింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు.

“కొలతలాండీ, కుట్టినవా?”

నా పేరు చెప్పాను. పత్రిక పేరు చెప్పాను.

“తెలుసండి. ఆరో సంచికలో మా ఇంటి గురించి రాసినాయన” అన్నారు. గొంతులో కోపం లేదు, అది ఉంటే బాగుండుననిపించింది. స్టూలు ముందుకు జరిపారు. “కూర్చోండి.”

“పేరు రాయలేదండి” అన్నాను, అంతకన్నా చేతకాని మాట ఇంకోటి దొరక్క.

“రేపల్లెలో బోర్డెక్కే ఆడపిల్ల ఒక్కతే కదండీ. పేరెందుకు? మసీదు దగ్గర అడిగారు, టీ కొట్టు దగ్గర అడిగారు. పిల్లని ఎందుకు కట్టేశావు ఖాదర్ అని. నేను కట్టెయ్యలేదండి. తెనాలికి రైలు ఛార్జీలు నేనే ఇచ్చాను. ప్యాంటు, చొక్కా నేనే కుట్టాను. పడితే దెబ్బ తగలకుండా మోచేతుల దగ్గర రెండు పొరలు వేసి మరీ కుట్టాను.”

“మరి ఎందుకు మానిపించారండి?”

ఆయన కూతురి వైపు చూడలేదు. కత్తెర తీసి పక్కన పెట్టారు.

“అబద్ధం చెప్పింది. మీ పుస్తకం తెచ్చి, ఇది నేనే అబ్బా అంది. పేరు ఎవరిదో ఉంది. పోనీ, అచ్చులో తప్పు పడొచ్చు అనుకున్నాను. ఎవరో చెప్పిన మాట నమ్మలేదు, నా కళ్ళతో నేను చొక్కా చూశాను. జేబు కుడివైపుంది. యాభై ఏళ్ళుగా కుడుతున్నానండి. ఒక్క చొక్కాకి కుడివైపు జేబు పెట్టలేదు. ఆ చొక్కా నాది కాదు. నా చొక్కా కానప్పుడు లోపలున్నది నా కూతురు కాదు. ఎవరో ఎగిరితే నేనే ఎగిరానంది. ఆటకి అడ్డం చెప్పలేదండి నేను. అబద్ధం నేర్పే ఆట వద్దన్నాను.”

ఊరంతా నమ్మింది నా అచ్చును. ఈ మనిషి నమ్మింది తన కుట్టును. రెండింటి మధ్య ఆ పిల్ల మాట నలిగిపోయింది. నేను సంచీలోంచి నెగటివు తీసి, బొమ్మ తిప్పించిన సంగతి, పేరు తప్పు రాసిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన నెగటివు ట్యూబులైటు వైపు పట్టుకుని చూశారు. అంత చిన్న ముక్కలో, తెలుపు నలుపైన ఆ బొమ్మలో ఆయనకేమీ అందలేదు. తిరిగి ఇచ్చేశారు.

“తిప్పడమంటే ఏంటండి? ఎలా తిప్పుతారు?”

నేను చేతులు తిప్పి చూపించబోతుంటే ఆయన చెయ్యి చాపి ఐదో సంచిక అడిగారు. లేచి, అద్దం ముందుకు వెళ్ళి, ముఖచిత్రాన్ని తన ఛాతీ మీద పట్టుకుని అద్దంలోకి చూశారు.

అద్దంలో జేబు ఎడమవైపు వచ్చింది. కుడికాలు ముందుకొచ్చింది.

ఆ అద్దం పదిహేడేళ్ళుగా అక్కడే ఉంది. రోజూ ఎవరో ఒకరు దాని ముందు నిలబడి జేబు సరిచూసుకుంటూనే ఉన్నారు.

“నేను చెప్పాను కదా అబ్బా” అంది ముంతాజ్. గట్టిగా కూడా అనలేదు. చాలాసార్లు అని అని అరిగిపోయిన మాటలా వచ్చింది. తరువాత నా వైపు తిరిగింది. “మీకు ఉత్తరాలు రాశానండి. రెండు.”

చేరలేదమ్మా అన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ షాపులో అది అనలేకపోయాను. “చింపి చూడలేదమ్మా. ట్రాక్టర్ల కోసం అనుకున్నాను.”

ఆమె తల ఊపింది. నవ్వబోయినట్టుంది, నవ్వలేదు. “ఇప్పుడేం చెయ్యమంటారండి? ముప్పై నాలుగేళ్ళు. మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు పోయాయి.”

“ఏమీ చెయ్యొద్దమ్మా. తప్పు నాది. చెప్పిపోదామని వచ్చాను.”

“ఒకటి చెప్పండి. బాగా ఎగిరానా?”

“మా పత్రికలో అంత ఎత్తు ఇంకెవరూ ఎగరలేదమ్మా. అందుకే ముఖచిత్రం వేశాను.”

ఆ మాట వినగానే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఖాదర్ గారి చేతిలోంచి సంచిక అందుకుని, పెన్ను తీసి, ముఖచిత్రం మీద రవి పేరు కొట్టేసి, పైన ‘రేపల్లె ముంతాజ్’ అని రాసి, నా సంతకం పెట్టాను.

ఖాదర్ గారు అద్దం దగ్గర నుంచి వచ్చి కూర్చున్నారు. బల్ల మీది ఇస్త్రీ పలక ఒళ్ళోకి తీసుకున్నారు. చిన్న కత్తెర తీసి, దానికి చుట్టిన గుడ్డ అంచు దగ్గర ఒక కుట్టు కోశారు. తరువాత ఇంకోటి. గట్టి కుట్లు, రెండు వరసలు. గుడ్డ చింపితే నిమిషంలో అయ్యే పని. ఆయన ఒక్కొక్క దారమే కోసి, ఒక్కొక్క దారమే లాగి పక్కన పెడుతున్నారు.

ముంతాజ్ లేచి నిలబడింది. అప్పుడు గమనించాను, ఆ పలక కొసలు రెండూ కాస్త పైకి వంగి ఉన్నాయి. గుడ్డ సగం జారింది. కింద చక్రాలు బిగించిన చిల్లులు బయటపడ్డాయి. ఇన్నేళ్ళూ అది ఆమె మిషనుకు మూరెడు దూరంలోనే ఉంది. రోజూ దాని మీద ఎవరివో చొక్కా చేతులు ఇస్త్రీ అవుతుంటే చూస్తూ ఫాల్ కుట్టుకుంది.

“అబ్బా, పెళ్ళివారి చొక్కాలు ఇస్త్రీ చెయ్యాలి. నాలుగింటికి వస్తారు” అంది. ఆయన వినిపించుకోలేదు. చివరి గుడ్డ లాగితే వెనక కొసన ఇత్తడి రేకు తేలింది. నల్లబడిపోయింది. ఆయన చొక్కా అంచుతో దాన్ని రుద్దుతూ కూర్చున్నారు.

గుమ్మంలో ఎవరో దగ్గారు. పెళ్ళివారి తరఫున వచ్చిన పెద్దమనిషి. “చొక్కాలు అయ్యాయాండీ?”

ముంతాజ్ తండ్రి వైపు చూసింది.

“రేపు రమ్మని చెప్పమ్మా” అన్నారు ఖాదర్ గారు, తల ఎత్తకుండా.

ఆ పెద్దమనిషి ఒకసారి రోడ్డు మీదికి వెళ్ళి షాపు బోర్డు చూసి వచ్చాడు.